చలికాలంలో వాననీటి సొరంగాల్లోకి దిగితే నిజంగా ప్రమాదం తక్కువేనా? (మినియాపొలిస్)

గోపాలపట్నం కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇక్కడ నాకు ఇదే మొదటి చలికాలం. మా తరగతిలోని స్థానిక మిత్రులు కొందరికి నగరం కింద ఉన్న వాననీటి సొరంగాల్లో తిరిగే అలవాటు ఉంది. డిసెంబరు చివరి వారంలో, సెమిస్టరు సెలవుల్లో, నన్ను కూడా రమ్మంటున్నారు. అవి మురుగు కాలువలు కావని, వీధుల మీద పడిన వాననీటిని మిసిసిపీ నదికి చేర్చే డ్రెయిన్లని, కొన్నిచోట్ల మనిషి నిటారుగా నడిచేంత ఎత్తు ఉంటాయని చెబుతున్నారు.

వాళ్ళ వాదన ఇది. సొరంగాల్లో మనుషులు చనిపోయేది వేసవి ఉరుముల వానల వల్లనే. పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరంలో 2007 జూలైలో మరమ్మతు పనికి దిగిన ఇద్దరు కార్మికులు అలాంటి వాన నీటికే కొట్టుకుపోయారు. చలికాలంలో పడేది మంచు కాబట్టి అది వీధి మీదే ఉండిపోతుంది, కిందికి రాదు. పైగా బయట మైనస్ పదిహేను డిగ్రీలు ఉన్నా భూగర్భంలో ఎనిమిది, తొమ్మిది డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. అందుకని డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సొరంగాలకు అన్నిటికంటే క్షేమమైన కాలం అంటున్నారు.

వింటే తర్కం సరిగ్గానే ఉంది, కానీ ఎక్కడో ఒక మెట్టు తప్పిపోయిందని నాకు అనిపిస్తోంది. దయచేసి "వెళ్ళకు బాబూ" అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. ఆ మాట ఇంట్లో అమ్మ ఎలాగూ అంటుంది. చలికాలంలో నీరు నిజంగా రాదా, లోపలి గాలి ఎలా ఉంటుంది, చలి వల్ల వచ్చే ఇబ్బంది బయటనా లోపలనా అన్నవి కారణాలతో సహా తెలుసుకోవాలని ఉంది.

నీటిలెక్కలు:

ఇదే రాష్ట్రంలో నేను వాననీటి పారుదల రూపకల్పన పనిలో ఉన్నాను కాబట్టి మీ మొదటి ప్రశ్నకు కాస్త విపులంగా జవాబిస్తాను. మీ మిత్రులు చెప్పినదాంట్లో సగం నిజం. గంటలోపు పుట్టి, కురిసి, వెళ్ళిపోయే ఉరుముల వాన ఇక్కడ జనవరిలో దాదాపు ఉండదు. ఆ ఒక్క ప్రమాదం చలికాలంలో తగ్గుతుంది. కానీ దాన్ని తీసేసి లెక్క అక్కడితో ఆపేస్తున్నారు, తప్పిపోయిన మెట్టు అదే.

ముందు ఆ సొరంగాల తీరు చెప్పాలి. ఈ నగరం కింద పైన సున్నపురాయి పొర, దాని కింద సెయింట్ పీటర్ ఇసుకరాయి అనే మెత్తని రాయి ఉన్నాయి. ఆ ఇసుకరాయి ఎంత మెత్తనిదంటే చేతి పనిముట్లతోనే తవ్వవచ్చు. అందుకే వంద సంవత్సరాల క్రితమే ఇక్కడ లోతైన సొరంగాలు తవ్వగలిగారు. (అదే మెత్తదనం వల్ల 1869 అక్టోబరులో సెయింట్ ఆంథొనీ జలపాతం కింద తవ్వుతున్న సొరంగంలోకి నది చొరబడి జలపాతానికే ముప్పు వచ్చింది. ఆ కథ వేరే, కానీ ఈ ఊళ్ళో నీరు, ఇసుకరాయి కలిస్తే ఏమవుతుందో అప్పటినుంచే తెలుసు.) వీధిలోని నీరు చిన్న గొట్టాల గుండా వచ్చి నిలువు బావుల్లో పడి, అక్కడి నుంచి లోతైన సొరంగానికి చేరుతుంది. పైన ఎన్నో వీధుల్లో పలచగా పరుచుకున్న నీరు కింద ఒకే చోట కలుస్తుంది. కాబట్టి పైన చీలమండ దాకా కూడా రాని నీరు కింద మోకాలు దాటవచ్చు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో వచ్చే నీరు ఒక కిలోమీటరు దూరాన్ని ఆరు నిమిషాల లోపే దాటేస్తుంది. తడి కాంక్రీటు మీద వంగి నడిచే మనిషికి అదే దూరానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. నీరు వస్తోందని చప్పుడు విన్నాక వెనుదిరిగితే సరిపోతుందనుకునేవారు ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక మంచు సంగతి. వాన పడిన వెంటనే నీరు ప్రవహించి వెళ్ళిపోతుంది, మంచు అలా కాదు. అది కరిగే రోజు వచ్చేదాకా వీధి మీదే నిల్వ ఉంటుంది. కొత్తగా పడిన పాతిక సెంటీమీటర్ల మంచులో సుమారు రెండున్నర సెంటీమీటర్ల నీరు ఉంటుంది. ఒక చదరపు కిలోమీటరు మేర ఉన్న కప్పులు, రోడ్లు, పార్కింగ్ స్థలాల మీద ఆ మంచంతా కరిగితే రెండున్నర కోట్ల లీటర్లు. మామూలుగా అది ఎన్నో రోజుల మీద మెల్లగా కరుగుతుంది, ఆ మాట నిజమే. కానీ ఆ మంచు మీద వాన పడితే కరగడం కూడా తొందరవుతుంది, కింద నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి చుక్క కూడా ఇంకదు. వేసవిలో గడ్డి మైదానం తాగేసే వాన కూడా ఆ రోజు నేరుగా డ్రెయిన్‌కే వస్తుంది.

చలికాలంలో ఇక్కడ వాన ఎక్కడిది అంటారా? 2023 క్రిస్మస్ రోజున ఇక్కడి జంట నగరాలైన మినియాపొలిస్, సెయింట్ పాల్‌లలో ఉష్ణోగ్రత పన్నెండు డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళి ఆ తేదీకి రికార్డు అయింది, ఆ పండగ రోజుల్లో వాన కురిసింది. 2021 డిసెంబరు 15న ఈ రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో ఏకంగా సుడిగాలి (టోర్నడో) వచ్చింది. మిన్నెసోటా రికార్డుల్లో డిసెంబరు నెలలో నమోదైన మొదటి సుడిగాలి అదే. మీ మిత్రులు ఎంచుకున్నది డిసెంబరు చివరి వారం కాబట్టి ఈ రెండు సంగతులనూ వాళ్ళకు చూపించండి.

ఇవన్నీ వాతావరణ సూచనలో కనబడేవే, ముందు రోజు చూసుకుని వెళ్ళవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సరే, సూచనలో ఎన్నటికీ కనబడనిది ఒకటుంది. చలికాలంలో నేల గడ్డకట్టి కదులుతుంది, పాత ఇనుప గొట్టాలు పగులుతాయి. మంచినీటి గొట్టాలు పగిలే ఘటనలు ఉత్తరాది నగరాల్లో ఎక్కువయ్యేది ఈ కాలంలోనే. 2013 జనవరి 3న మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో హెన్నెపిన్ అవెన్యూ దగ్గర ఒక పెద్ద మంచినీటి గొట్టం పగిలి వీధులు మునిగాయి (అది పగిలింది చలికి కాదు, తవ్వకం పనిలో దెబ్బ తగిలి). అలా వీధిలోకి పొంగిన నీరు వెళ్ళేది ఎక్కడికి? దగ్గరలోని వాననీటి డ్రెయిన్‌లోకే. ఆకాశం నిర్మలంగా, ఉష్ణోగ్రత మైనస్‌లో ఉన్న రోజున కూడా కింద వరద రావచ్చు. ఆ సంగతి లోపల ఉన్నవారికి చెప్పే వ్యవస్థ ఏదీ లేదు.

మరొకటి, మంచు అడ్డుకట్టలు. చల్లని గాలి చొరబడే చోట, అంటే సొరంగం నదిలోకి తెరుచుకునే మూతి దగ్గరా, పైనున్న చిన్న గొట్టాల్లోనూ, పారే నీరు పొరలు పొరలుగా గడ్డకడుతుంది. దాని వెనక నీరు నిలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఎండ కాస్తే ఆ గడ్డ కదిలి, చెరువు తూము ఎత్తినట్టు వెనక నిలిచిన నీరంతా ఒక్కసారిగా వస్తుంది. వచ్చేటప్పుడు మంచు ముక్కలను కూడా తెస్తుంది.

నన్ను అడిగితే చలికాలంలో అన్నిటికంటే చెడ్డది నీరు కూడా కాదు, బయటపడే దారులు మూసుకుపోవడం. వేసవిలో ప్రాణం మీదికి వస్తే నిచ్చెనెక్కి మ్యాన్‌హోల్ మూతను భుజంతో నెట్టవచ్చని అనుకుంటారు. అది వేసవిలోనే అయ్యేపని కాదు. బరువైన ఇనుప మూత, పైన కారు నిలిపి ఉండవచ్చు, చీకట్లో అది ఏ రోడ్డు మధ్యన ఉందో తెలియదు. చలికాలంలో దాని అంచుల్లోకి చేరిన నీరు గడ్డకట్టి మూతను చట్రానికి అతికించేస్తుంది. దాని మీద మంచు తోసే బండ్లు గుట్ట పోసి వెళ్ళి ఉంటాయి. అంటే మీరు దిగిన దారి ఒక్కటే మీకు మిగిలే దారి, నీరు వచ్చేది కూడా ఆ దారి వైపే.

ఆ దిగే దారి గురించి కూడా ఒక మాట. మిసిసిపీ ఒడ్డున ఉన్న ఈ మూతుల దగ్గరికి కొందరు గడ్డకట్టిన నది మీదుగా నడిచి వెళ్తారు. సొరంగం నుంచి వచ్చే నీరు వెచ్చనిది కాబట్టి సరిగ్గా దాని ముందరే నది మంచు పలచగా ఉంటుంది, పైన పడిన కొత్త మంచు ఆ పలచదనాన్ని కప్పేస్తుంది. మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి, స్వచ్ఛమైన మంచు ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది, ఏ మంచూ పూర్తిగా సురక్షితం కాదని కూడా అదే శాఖ హెచ్చరిస్తుంది. ప్రవాహం ఉన్న నది విషయంలో ఆ నాలుగు అంగుళాల లెక్కను కూడా నేను నమ్మను.

టార్చిలైటు:

నీటిలెక్కలు గారు చెప్పిన విషయాలను కాదనను, కానీ చిత్రం మరీ ఏకపక్షంగా ఉంది. నేను ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు డ్రెయిన్లలో తిరిగేవారితో పరిచయం ఉండేది. మెల్‌బోర్న్‌లో 1986లో మొదలైన కేవ్ క్లాన్ అనే బృందం వారి ప్రధాన నియమం వాన ఉంటే డ్రెయిన్‌లోకి వెళ్ళకూడదన్నది. ఆ ఒక్క నియమాన్ని నిష్ఠగా పాటిస్తూ ఏళ్ళ తరబడి తిరిగినవారు ఎందరో ఉన్నారు. ఒంటరిగా వెళ్ళకపోవడం, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు దీపాలు ఉంచుకోవడం, పైన ఒక మనిషిని కాపలా పెట్టడం, తిరిగి వచ్చే సమయం ముందే చెప్పి ఉంచడం వంటివి పాటిస్తే ప్రమాదం చాలావరకు అదుపులో ఉంటుంది. కొండలెక్కేవారిని, స్కూబా డైవింగ్ చేసేవారిని మనం మెచ్చుకుంటాం కదా, ఈ వ్యాపకాన్ని మాత్రం మొదటి మాటలోనే కొట్టివేయడం సమంజసం కాదు. కుర్రాడు గారి మిత్రులు అనుభవం ఉన్నవారేమో కూడా చూడాలి. మైనస్ పది డిగ్రీలు వరుసగా వారం రోజులు ఉండి, సూచనలో మార్పు లేనప్పుడు మంచు కరిగే ప్రశ్నే రాదు.

దీపాల విషయంలో ఒక సూచన మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. చలికి బ్యాటరీల శక్తి బాగా పడిపోతుంది, ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. విడి బ్యాటరీలను సంచిలో కాకుండా ఒంటికి ఆనుకునే లోపలి జేబులో పెట్టుకోవాలి.

గ్యాస్‌మీటరు:

విశాఖలో పరిశ్రమల భద్రతా విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఇక్కడ అదే వృత్తిలో ఉన్నాను. నీటి గురించి చెప్పవలసింది పై వారు చెప్పారు కాబట్టి గాలి గురించి మాత్రమే రాస్తాను.

ఒక మనిషి దిగగలిగేంత చోటు ఉండి, దారులు పరిమితంగా ఉండి, నిత్యం మనుషులు మసలడానికి కట్టని స్థలాన్ని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమిత స్థలం అంటుంది. అందులో ప్రమాదకరమైన గాలికో, ముంచే పదార్థానికో అవకాశం ఉంటే అనుమతి పత్రం లేకుండా కార్మికుణ్ణి దించకూడదని 1993 నుంచి నిబంధన ఉంది. దించే ముందు నాలుగు వాయువులను కొలిచే మీటరుతో పరీక్షించాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 శాతం మించకూడదు, మండే వాయువు పేలుడు కనిష్ఠ పరిమితిలో (అంటే గాలిలో అది అంటుకోగల కనీస మోతాదులో) పదో వంతు దాటకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ హద్దుల్లో ఉండాలి. ఒకసారి చూసి వదిలేయడం కాదు, లోపల ఉన్నంతసేపూ కొలుస్తూనే ఉండాలి. పైన ఒక మనిషి ఉండాలి, దిగినవాణ్ణి పైకి లాగే ఏర్పాటు ఉండాలి. జీతం తీసుకుని దిగే మనిషికి ఇన్ని రక్షణలు ఎందుకు పెట్టారో ఒక్కసారి ఆలోచించండి. ప్రతి నిబంధన వెనకా ఎవరో ఒకరు చనిపోయి ఉంటారు.

వాననీటి డ్రెయిన్‌లో గాలి మురుగు కాలువలోకంటే మెరుగ్గా ఉంటుందన్నది చాలావరకు నిజం. కానీ ఆకులు కుళ్ళే చోట్ల, గాలి ఆడని పక్క గొట్టాల్లో ఆక్సిజన్ తగ్గుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే తెలుస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఆ వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వంద పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) ప్రాంతానికి చేరేసరికి ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. వాసన తగ్గింది, గాలి బాగుపడింది అనుకునే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైనది కావచ్చు. ఆక్సిజన్ లేమికి, కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ పాటి వాసన కూడా ఉండదు. సెయింట్ పాల్‌లో నది ఒడ్డున ఉన్న ఒక గుహలో 2004 ఏప్రిల్‌లో ముగ్గురు పదిహేడేళ్ళ పిల్లలు కార్బన్ మోనాక్సైడ్ వల్లనే చనిపోయారు. అది డ్రెయిన్ కాదు, కానీ అదే ఇసుకరాయి, అదే మూసుకుపోయిన గాలి. లోపల ఎవరో రాజేసి వదిలిన నిప్పు ఆరకుండా పొగ చిమ్ముతూ ఉండడమే అందుకు కారణం. చలికాలంలో వెచ్చదనం కోసం సొరంగాల్లో నిప్పు రాజేసేవారు ఉంటారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

చలికాలానికే ప్రత్యేకమైన మరో ప్రమాదం ఉంది, దీన్ని వంటగ్యాస్ గొట్టాల పని చేసేవారు బాగా ఎరుగుదురు. భూమిలోని సహజవాయువు గొట్టం కారినప్పుడు మామూలు రోజుల్లో ఆ వాయువు మట్టి గుండా పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది. పై నేల గడ్డకట్టి ఉంటే దానికి పైకి దారి ఉండదు. అప్పుడు అది పక్కలకు పాకి దొరికిన ఖాళీలోకి, అంటే ఇళ్ళ కింది గదుల్లోకి, గొట్టాల్లోకి, డ్రెయిన్లలోకి చేరుతుంది. మట్టి గుండా ప్రయాణించేటప్పుడు అందులో కలిపిన వాసన పదార్థం కొంత మట్టికే అంటుకుపోవచ్చు కూడా. మ్యాన్‌హోళ్ళ మీద మంచు పేరుకుని, నది వైపు మూతి గడ్డకడితే లోపలి గాలి ఆడటమూ తగ్గిపోవచ్చు.

పైన కాపలా మనిషిని పెడితే చాలునన్న టార్చిలైటు గారి సూచనకు ఒక సవరణ చెప్పాలి. కాపలా మనిషి కిందికి దిగకూడదని ముందే ఒట్టు వేయించుకోవాలి. పరిమిత స్థలాల్లో చనిపోయినవారిలో అరవై శాతానికి పైగా కాపాడబోయి వెళ్ళినవారేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే ప్రకటించింది. మనవాళ్ళకు దీన్ని ఇంకా దగ్గరగా చెప్పాలంటే, 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్రప్రదేశ్ కార్మికులు ఊపిరాడక చనిపోయారు, వారిని కాపాడడానికి దిగిన స్థానిక ఆటో డ్రైవరు కూడా వారితోపాటే చనిపోయాడు. అతను భయపడకుండా దిగాడు, మంచి మనసుతో దిగాడు. గాలికి అవేవీ పట్టవు.

నీటిలెక్కలు:

టార్చిలైటు గారికి రెండు మాటలు. మీరు చెప్పిన నియమం మంచిదే, కానీ అది మెల్‌బోర్న్‌లో పుట్టింది. ఆ ఊళ్ళో మంచు నిలవదు. అక్కడ నీరు ఆకాశం నుంచి వస్తుంది, కాబట్టి ఆకాశాన్ని చూస్తే సరిపోతుంది. ఇక్కడ చలికాలంలో నీరు అప్పటికే వీధి మీద ఉంటుంది, దాన్ని ఏది ఎప్పుడు కదిలిస్తుందన్నదే ప్రశ్న. వరుసగా వారం రోజులు మైనస్ పది ఉన్నా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు మంచును గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే కిందనే కరిగిస్తుంది. అందుకే గడ్డకట్టే చలిలో కూడా డ్రెయిన్లో సన్నని ధార ఆగదు. సున్నా కంటే చల్లగా ఉండి కూడా ద్రవంగానే ఉన్న ఆ ఉప్పునీరు బూటులోకి దిగితే ఏమవుతుందో చలి గురించి తెలిసినవారు చెప్పాలి. ఇక అలాంటి కఠినమైన చలి వారాల్లోనే మంచినీటి గొట్టాలు పగలడమూ ఎక్కువ.

కొండలెక్కేవారితో పోలికకు కూడా నాకు అభ్యంతరం ఉంది. కొండ మీద వాతావరణం మారితే ఎక్కేవాడికి కనిపిస్తుంది. ఇక్కడ పైన జరిగేది కింద ఉన్నవాడికి కనబడదు, వినబడదు, ఫోన్ సిగ్నల్ అందదు. 2007లో చనిపోయిన ఆ ఇద్దరూ అనుభవం లేనివారు కాదు, ఆ పని మీదే దిగిన కార్మికులు.

సెయింట్‌పాల్ అక్క:

చలి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది కాబట్టి నేను రాస్తాను. నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును, ప్రతి చలికాలం కొంకర్లు పోయిన వేళ్ళను, గడ్డకట్టిన పాదాలను చూస్తూనే ఉంటాను.

తమ్ముడూ, లోపల వెచ్చగా ఉంటుందన్నది నిజమే, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు, గాలిలో నిండా తేమ, వంగి నడిచే శ్రమ. దళసరి కోటు వేసుకున్న మనిషికి చెమట పడుతుంది, గోడల తేమ బట్టలకు పడుతుంది, మోకాళ్ళ దాకా నీరు. ఆ తడి బట్టలతో బయటికి వచ్చేసరికి మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, నది మీది గాలి. మైనస్ పద్దెనిమిది డిగ్రీలకు గంటకు 24 కిలోమీటర్ల గాలి తోడైతే కప్పుకోని చర్మం సుమారు ముప్పై నిమిషాల్లో గడ్డకడుతుందని జాతీయ వాతావరణ సేవ పట్టిక చెబుతుంది. అది పొడి చర్మానికి వేసిన లెక్క. తడి ప్యాంటు నిమిషాల్లో రేకులా బిగుసుకుంటుంది. కారు దాకా నడక, తాళం తీయడానికి వేళ్ళు వంగకపోవడం, ఇవన్నీ అప్పుడే గుర్తొస్తాయి. జీన్స్, కాటన్ సాక్సులతో మన కుర్రవాళ్ళు వస్తుంటారు. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది, ఉన్నిగానీ సింథటిక్‌గానీ అయితే తడిలో కూడా కొంత కాపాడతాయి.

ఇక మంచు కరిగిన నీటిలో మునిగితే సంగతి వేరు. మనకు ఉత్తరాన కెనడాలో, విన్నిపెగ్‌లోని మనిటోబా విశ్వవిద్యాలయంలో చల్లని నీటిపై పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే సూత్రం ఒకటుంది. మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, ఎగశ్వాసలో నీరు మింగితే అక్కడితో ముగుస్తుంది. తర్వాతి పది నిమిషాలు చేతులు, కాళ్ళు మాట వింటాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు. చాలామంది ఆ గంటనే గుర్తుపెట్టుకుంటారు, నిజానికి పనికొచ్చేది ఆ పది నిమిషాలే. నిచ్చెన పట్టుకోవడానికి, తాడు ముడి వేయడానికి, ఫోన్ తెరవడానికి వేళ్ళు పనిచేసేది అంతవరకే. ఉప్పు కలిసిన నీరైతే ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి అంత సమయం కూడా దొరక్కపోవచ్చు.

గోపాలపట్నం కుర్రాడు:

అందరికీ ధన్యవాదాలు. గడ్డకట్టిన నేల కింద గ్యాస్ పక్కలకు పాకడం, మూతలు అతుక్కుపోవడం మా మిత్రులు కూడా ఎప్పుడూ ఆలోచించినట్టు లేరు. నేను వెళ్ళడం లేదని వాళ్ళకు చెప్పేశాను. వాళ్ళు మాత్రం వెళ్తామంటున్నారు, నన్ను పైన కాపలా ఉండమని అడుగుతున్నారు. అలా ఉండటం వల్ల నాకు చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా? ఉంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఇంకో సంగతి, నాకు ఈ భూగర్భం చూడాలన్న ఆసక్తి మాత్రం తగ్గలేదు.

సెయింట్‌పాల్ అక్క:

చట్టం ముందు చెబుతాను. నేను న్యాయవాదిని కాను, మీ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగడం మంచిది. అనుమతి లేని చోట చొరబడటం మిన్నెసోటాలో సాధారణంగా మిస్‌డెమీనర్, అంటే చిన్న తరహా నేరం. దానికి 90 రోజుల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా ఉండవచ్చు. మీ మిత్రులకు అది జరిమానా కట్టి మరచిపోయే విషయం. మీకు మాత్రం అలా కాదు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. తర్వాత ఎప్పుడు వీసా స్టాంపింగ్‌కు వెళ్ళినా ఆ ప్రశ్నకు నిజమే రాయాలి. లోపలికి దిగకపోయినా, దిగేవారికి సాయంగా నిలబడినవాణ్ణి పోలీసులు వేరుగా చూస్తారన్న భరోసా ఏమీ లేదు. అందుకని ఆ డ్రెయిన్ మూతి దగ్గర నిలబడటం నాకు ఇష్టం లేదు.

నిలబడకుండానే చేయగలిగిన సాయం ఒకటుంది. వాళ్ళు ఎక్కడ దిగుతున్నారు, ఎంతమంది, ఏ వైపు వెళ్తారు, ఎన్ని గంటలకు బయటికి వచ్చి ఫోన్ చేస్తారు అన్నవి రాయించి మీ గదిలో పెట్టుకోండి. చెప్పిన సమయానికి ఫోన్ రాకపోతే ఇంకో అరగంట చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఇక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. అరెస్టు అవుతారేమోనని ఆలస్యం చేస్తే వాళ్ళు మిమ్మల్ని క్షమించే స్థితిలో కూడా ఉండరు. అగ్నిమాపక సిబ్బందికి మీటర్లు, ఊపిరి పరికరాలు, తాళ్ళు ఉంటాయి, మీకు ఉండవు. మీరు వెతకడానికి వెళ్ళకూడదు, మూతి దగ్గరికి కూడా.

చూడాలన్న కోరికకు మార్గాలు ఉన్నాయి. సెయింట్ పాల్‌లో వాబాషా స్ట్రీట్ కేవ్స్‌లోకి టికెట్ కొనుక్కుని గైడుతో వెళ్ళవచ్చు. అవి అదే ఇసుకరాయిలో తవ్వినవి, ఒకప్పుడు పుట్టగొడుగులు పెంచారు, తర్వాత నాట్యశాల నడిపారు. మినియాపొలిస్‌లో జలపాతం పక్కన మిల్ రూయిన్స్ పార్కులో పిండిమరల కింద నీరు పారిన రాతి కాలువలు పైనుంచే కనిపిస్తాయి, పక్కనే మిల్ సిటీ మ్యూజియం ఉంది. చలి తగ్గాక దక్షిణాన హార్మనీ ఊరి దగ్గర నయాగరా కేవ్‌కు వెళ్ళండి, భూమి లోపల జలపాతం చూడవచ్చు.

గ్యాస్‌మీటరు:

అక్క గారు చెప్పిన కాగితానికి ఒక్క చేర్పు. వాళ్ళు దిగే చోటు పేరు రాస్తే చాలదు, ఆ చోట ఫోన్‌లో మ్యాపు మీద పిన్ పెట్టించి దాన్ని మీకు పంపించమనండి. నది ఒడ్డున అలాంటి మూతులు చాలా ఉంటాయి, బయటివారికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 911లో అడిగే మొదటి ప్రశ్న ఎక్కడ అన్నదే. దానికి జవాబు ఉంటే నగరపు ప్రజా పనుల శాఖ సొరంగాల మ్యాపులు తీసి, ఏ మూత తెరిస్తే వాళ్ళకు దగ్గరవుతామో అగ్నిమాపక సిబ్బందికి చెప్పగలదు.